కడగని పంపు

నా కోపం సంగతి మా ఊర్ల తెల్వనోళ్లు లేరు. "లింగవ్వ నోరు తెరిస్తే బోరు మోటరు సుత ఆగిపోతది" అని మా ఆయన దుబ్బయ్య మర్కూక్ దాక చెప్పుకుంట తిరుగుతడు. నేనేం కాదనను. కోపం ముక్కు మీదనే ఉంటది గని కడుపుల ఉండదు. ఈ వానాకాలంల మాత్రం ఒక్క మాట కడుపులకు పోయి కూసున్నది. దాని ముచ్చటే గిది.

మా ఇంట్ల బ్యాటరీతోని నడిచే మందు కొట్టే పంపు ఉన్నది. వాడకట్టుల గంత మంచి పంపు ఇంకోటి లేదు. అడిగినోళ్లకల్ల ఇస్త, కిరాయి తీస్కోను. "లింగవ్వ పంపంటే కడిగిన గిన్నె" అంటరు. గా మాటకు నేను మస్తు మురిసిపోత. ఎందుకంటే గదే పంపుల ఒకనాడు గడ్డిమందు పోస్తం, ఒకనాడు పురుగుమందు పోస్తం. గడ్డిమందు కొట్టినంక సర్ఫు నీళ్లతోని మూడుసార్లు కడగాలె. అడుగున జర మిగిలినా, తెల్లారి గా పంపుతోని పైరుకు మందు కొడితే పైరు మాడిపోతది. గీ సంగతి మా దిక్కు అందరికి ఎరుకే.

ఎరుకున్నోళ్లే తప్పు చేస్తరు. ఆ నాడు నేను గట్లకు గడ్డిమందు కొట్టుడు అయిందో లేదో కరెంటు వచ్చింది. మోటరు పెట్టాలెనని ఉరికిన. పంపు తీసుకపోయి కొట్టంల పడేసిన. ఇగ బర్రె, పాలు, వంట, పంపు యాదికే రాలే.

తెల్లారి బాలరాజు వచ్చిండు. మా పక్క మడి కౌలుకు పట్టిన పిలగాడు. పదేండ్లు భీవండిల బట్టలు నేసే సాంచెల మీద పని చేసి, "ఇగ చాలు పెద్దమ్మా, ఊర్లనే బతుకుత" అని పెండ్లాం ప్రియాంకను తోలుకొని వచ్చిండు. రెండెకరాలకు నారు పోసిండు. నారు మొలిచిన నాడు ఆలుమొగలు ఇద్దరు గట్టు మీద కూసొని పొద్దుగూకేదాక దాన్నే చూసిన్రు. నేను పోయి "ఇంట్ల పొయ్యి ముట్టియ్యరా ఇయ్యాల" అని తిట్టి లేపిన.

"నారుకు పురుగు తగిలింది పెద్దమ్మా, పంపు ఇస్తవా?" అన్నడు బాలరాజు.

"తీస్కపో."

"కడగాల్నా?"

నాకు సర్రున కోపమొచ్చింది. "లింగవ్వ పంపును కడగాల్నా అని అడిగే మొగోనివి అయినవా? కడిగే ఉన్నది, పో" అన్న.

వారం తిరగలే, నారు మొత్తం ఎర్రవడి మాడిపోయింది. ఊరోళ్లు గట్టు మీద జమైన్రు. వ్యవసాయ సారు వచ్చి ఆకు తెంపి చూసిండు. "ఇది గడ్డిమందు దెబ్బ. పంపు ఎవరిది? కడిగి ఉండెనా?" అని అడిగిండు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే కొంగు సదురుకున్నది. గప్పుడు యాదికొచ్చింది నాకు, గట్లు, కరెంటు, కొట్టం.

నోరు తెరిచేలోపలనే బాలరాజు అన్నడు: "పంపు మంచిగనే కడిగి ఉండె సార్. నేనే డబ్బా మార్చి పోసిన. నాదే తప్పు."

ఇగ అందరు వాని మీద పడ్డరు. సాంచెలు నడిపినోనికి సాగు ఎట్ల వస్తదని ఒకలు, మందు డబ్బాలు పక్కపక్కన పెడతరా అని ఒకలు. నేను ఊకుంటే అనుమానం వస్తదని, నేను సుత "డబ్బా మీద బొమ్మన్న కనిపిస్తలేదార నీకు" అన్న. వాడు నా దిక్కు ఒక్కసారి చూసి తల వంచుకున్నడు. నిజంగనే డబ్బా మారిందేమో అని గా మాట పట్టుకొని నేను ఇంటికొచ్చిన.

సందెకాడ ప్రియాంక పంపు తెచ్చి ఇచ్చింది. లోపల, బయట, ఆఖరికి పట్టీలు సుత కడిగి ఎండబెట్టి ఉన్నది.

"మూడుసార్లు కడగమన్నడు పెద్దమ్మా" అన్నది. "మాకు ఇగ పంపుతోని పనేమున్నది. ఐతారం ఆయన భీవండి బస్సు ఎక్కుతుండు. నేను మా అవ్వగారింటికి పోత."

ఏడ్వలే ఆ పిల్ల. ఏడిస్తే నేనేదో ఒకటి తిట్టి సముదాయిస్తుంటి. పంపు తీస్కపోయి కొట్టంల గోడ మొలకు తగిలేసిన.

మా దిక్కు నారు అమ్మరు. మిగిలితే ఉత్తగనే ఇస్తరు. నారు అమ్ముకుంటే మడి అలుగుతదని మా అత్త చెప్తుండె. కని ఈ యేడు ఎవలకు మిగలలే. మాకు సుత సరిగ్గ మూడెకరాల నారే ఉన్నది. దుబ్బయ్య బువ్వ తినేటప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేసిన. "బాలరాజుకు రెండెకరాల నారు ఇద్దాం" అన్న.

"మనకు?"

"ఒక ఎకరం నాటేద్దాం, తిండికి వడ్లు వస్తయి. మిట్ట మీది రెండెకరాల జనుము చల్లుదాం. పెరిగినంక దున్నేస్తే భూమికి బలం."

"నిరుడు నేను గిదే చెప్తే పప్పు గిన్నె ఇసిరికొడితివి."

"అప్పుడు అప్పుడే. తిను."

ఆయన చెయ్యి కడుక్కొని, "నారు పీకేటోళ్లకు నేను చెప్త. బాలరాజుకు మాత్రం నువ్వే చెప్పాలె" అన్నడు.

పొద్దుగాలనే పోయిన. బాలరాజు వాకిట్ల బ్యాగు సదురుతుండు. నా జన్మల నేను ఎవలకు తప్పయిందని చెప్పలే.

"పంపు నేను కడగలే రా" అన్న.

"ఎరుకే పెద్దమ్మా."

"ఏమెరుక?"

"నారు ఎర్రవడ్డ నాడే పంపు మూత తీసి వాసన చూసిన."

"మరి అంతమందిల నన్ను ఎందుకు అనలే? నేను తిడుతుంటే సుత ఎందుకు పడ్డవ్?"

బాలరాజు బ్యాగు జిప్పు గుంజుకుంట అన్నడు: "చెప్తే నారు బతుకుతదా పెద్దమ్మా. నేనెట్లయినా పొయ్యేటోన్ని. నువ్వు ఈ ఊర్ల ఉండేదానివి. రేపటి సంది నీ పంపు ఎవలు ముట్టరని ఊకున్న."

నాకు ఏడుపు ఆగలే. ఏడ్చుకుంటనే బ్యాగు గుంజుకొని ఇంట్లకు ఇసిరేసిన. "పొయ్యేటోనివి ఎట్లయితవురా? మడి దున్నుపో. మా నారు రెండెకరాలకు ఇస్త, ఎల్లుండి నాటు" అన్న. ప్రియాంక తలుపుకాడ నిలబడి మొదట నవ్వింది, గటెన్క ఏడ్చింది.

నాటేసేనాడు ఇరవై మంది ఆడోళ్లు మడిల దిగిన్రు. అందరు వంగి ఉన్నప్పుడు నేను గట్టెక్కి చెప్పిన, "బాలరాజు డబ్బా మార్చలే. నేనే పంపు కడగలే. వాన్ని ఇగ ఎవలన్న ఏమన్న అన్నరో, ఊకోను." తప్పు ఒప్పుకునేటప్పుడు సుత బెదిరిచ్చుడేందే అని దుర్గవ్వ నవ్వింది. మడంత నవ్వింది.

బాలరాజు అన్నట్టే అయింది. గా నాటి సంది నా పంపు ఎవలు అడగలే. కొట్టంల మొలకు ఏలాడుకుంట ఉన్నది. గట్లకు గడ్డిమందు కొట్టుడు నేను సుత బందు పెట్టిన. కొడవలితోని కోస్తున్న, బర్రెకు మేతయితుంది. మిట్ట మీద జనుము పసుపుపచ్చగ పూసింది. దున్నుదామని దుబ్బయ్య అంటడు, తేనెటీగలు అంతగనం వాలుతుంటే ఇంకో నాలుగొద్దులు ఆగు అని నేను అంట. అవి పక్కనున్న బాలరాజు గట్టు మీది బీరపాదులకు సుత పోతున్నయట. కాయలు మంచిగ పడుతున్నయని ప్రియాంక గంపెడు తెచ్చిచ్చింది.

బాలరాజు వరి పొట్టకొచ్చింది. మొన్న పొద్దుగాల వచ్చి వాకిట్ల నిలబడ్డడు.

"పెద్దమ్మా, పంపు ఇస్తవా?"

రెండు నెలలకు నా పంపు అడిగిన మొదటి మనిషి. కడగాల్నా అని మాత్రం అడగలే. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

"ఆగురా, అంత తొందరేంది" అని తిట్టుకుంట, వాని ముందటనే మూడుసార్లు కడిగి ఇచ్చిన.