ముక్కు పెట్టకూడని మొక్క

నిల్డా మంజెరికు కుండీని చాచిన చేతుల్లో పట్టుకుని, ముఖం పక్కకు తిప్పుకుని మెట్లెక్కుతోంది. పునీత యోహాను పండగ నాడు పోర్తో ఊళ్లో పెద్దా చిన్నా తేడా లేదు. ప్లాస్టిక్ సుత్తి దొరికినవాళ్లంతా ఎదురొచ్చిన ప్రతి నెత్తి మీదా ఒకటి వేస్తారు. అప్పటికే అయిదు దెబ్బలు తింది. అయినా ఊపిరి మొక్క మీద పడనివ్వలేదు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నట్టుంది ఆమెకు ఈ పండగ. నిరుడు ఇదే రోజున జరిగిన పొరపాటు అలాంటిది.

ఆమెది సముద్రం అవతలి కేప్ వెర్డే దీవులు. ఇదలీనమ్మ ఇంట్లో పనికి చేరి ఆరేళ్లు. ప్రతి ఏడూ ఆ ఇంటి పెద్దాయన అబీలియు తన భార్య ఇదలీనమ్మకు మంజెరికు తెచ్చేవాడు. తులసికి చుట్టం లాంటి మొక్క, గుండ్రంగా, చిట్టి ఆకులతో ఉంటుంది. ఈ పండక్కి మగవాళ్లు తమ మనసైన ఆడవాళ్లకు ఇస్తారు. అందులో గుచ్చిన కాగితం జెండా మీద అచ్చువేసిన పద్యాన్ని కొట్టేసి, ఆయన తన సొంతది రాసేవాడు. దాని వాసన ముక్కుతో చూడకూడదు. అరచేత్తో నిమిరి, ఆ చేతినే వాసన చూడాలి. ముక్కు తగిలితే వాడిపోతుందని ఊరంతా నమ్ముతుంది.

నిరుడు కిటికీ తుడుస్తూ నిల్డా మైమరచి ఆకుల్లో ముక్కు పెట్టేసింది. తన ఊళ్లో అమ్మ పెరటి వాసన అది.

"ఓసి నీ ముక్కు కాలా! దాన్ని చంపేశావే!" అని ఇదలీనమ్మ అరిచింది. "ఇక దాని జోలికి రాకు. నీళ్లు కూడా నేనే పోసుకుంటా."

"పోనీలేవే, దాని ముక్కు చిన్నదేగా, నాదైతే చెట్టే కూలేది," అని అబీలియు నవ్వాడు.

ఆగస్టులో ఆయన ఆస్పత్రిలో చేరాడు. మొక్క ఎండింది. సెప్టెంబరులో ఆయనా పోయాడు. సమాధి దగ్గర ఇదలీనమ్మ తన చెల్లెలితో, "ఈ నిల్డాయే మొక్కకు ముక్కు పెట్టింది," అనడం నిల్డా చెవిన పడింది. ఆ మాట తొమ్మిది నెలలుగా ఆమె గొంతులో ముల్లులా ఉంది. పని మానేయాలనుకుంది, మానలేకపోయింది. ఒక్క మంచి మాట కోసం కాచుకుంది.

కుండీని బల్ల మీద పెట్టింది.

"ఎవడిచ్చాడే?"

"ఎవరూ ఇవ్వలేదమ్మా. నేనే కొన్నా, మీకు."

"ఆడది ఆడదానికి మంజెరికు ఇస్తుందా? బాగుంది సంబడం!" అంటూనే ఇదలీనమ్మ కొత్త జెండా పీకేసింది. ప్రార్థనల పుస్తకంలోంచి నలిగిన పాత కాగితం తీసి గుచ్చింది. అబీలియు రాత అది:

నీ నోరు పెద్దది, నా ముక్కు పెద్దది,
ఇల్లు చిన్నదైనా ఇద్దరం ఇమిడిపోయాం.

కింద వీధిలో సార్డిన్ చేపలు కాలుతున్న పొగ కిటికీలోంచి వస్తోంది. ఇదలీనమ్మ ఉన్నట్టుండి వంగి ముఖమంతా ఆకుల్లో దూర్చేసింది.

"అయ్యో! అమ్మా, వద్దు!"

"ఏం వద్దే? యాభై రెండేళ్లు నా చెయ్యే వాసన చూసుకున్నా. ఇక ఎవరి కోసం దీన్ని కాపాడుకోవాలి?" ఆమె తల ఎత్తలేదు. "నీ ముక్కు వల్ల కాదే నిరుటి మొక్క పోయింది. ఆగస్టంతా ఆస్పత్రిలోనే ఉన్నాగా, నీళ్లు పొయ్యడం మర్చిపోయా. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే నీ మీదికి తోశా. ఆయన పోవడం ఎవరో ఒకరి వల్లే అనుకోకపోతే నేను బతకలేనని..."

నిల్డాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ ఆ ముసలి భుజాలు అదురుతుంటే కోపం నిలబడలేదు, ఏడుపొచ్చింది.

"రా. నువ్వూ పెట్టు."

"మళ్లీ ఎండిపోతే?"

"ఎండిపోతుందే, పిచ్చిదానా. ముక్కు పెట్టినా, పెట్టకపోయినా."

నిల్డా ఆమె పక్కన వంగింది.