కాదమ్మ బల్ల మీద కొత్త నాబ్

ఆ కార్ఖానాలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. అందరికీ ఆవిడ కాదమ్మ. పోటీల్లో గురి చూసేవాళ్ల రైఫిళ్లకు బిగించే దుర్బిణీలను, అంటే స్కోపులను పరీక్షించడం, పదింటిలో నాలుగింటిని "కాదు" అని తిప్పి పంపడం ఇరవయ్యారేళ్లుగా ఆవిడ పని. ఏం చేస్తారు మరి, "భేష్" అనడానికి ఊరంతా ఉంటారు, "కాదు" అనడానికి ఒక్కరైనా ఉండొద్దూ!

ఆవేళ బల్ల మీదికొచ్చిన స్కోపు మామూలుది కాదు. దాని మీది రెండు నాబులూ స్వయానా ఆవిడ అల్లుడు రెండేళ్లు తంటాలు పడి చేసినవి. పైది తిప్పితే లోపల కనిపించే గీతల కూడలి పైకీ కిందికీ, పక్కది తిప్పితే కుడికీ ఎడమకీ జరుగుతుంది. సాయంత్రం నాలుగింటిలోపు కాదమ్మ సంతకం పడితే కొత్త నాబ్, లేదంటే ఎప్పటి పాత నాబే అని యజమాని తేల్చి చెప్పేశాడు. సంతకం పడకపోతే అల్లుడి రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరే.

"అత్తగారేగా, కళ్లు మూసుకుని పెట్టేస్తుందిలే" అని ప్యాకింగువాళ్లు గుసగుసలాడారు. ఆ మాట చెవిన పడగానే కాదమ్మకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నుంచీ ఆ స్కోపుకు చుక్కలు చూపించింది. గాజు అంచుల్లో రంగు చిమ్ముతోందేమోనని దీపానికి ఎదురుగా పెట్టి చూసింది. గోరువెచ్చని నీళ్లలో ముంచితే ఒక్క బుడగ రాలేదు. మంచు పెట్టెలోంచి తీస్తే లోపల ఆవిరి పట్టలేదు. చెక్క సుత్తితో నాలుగు మొట్టికాయలు వేసినా గీత వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కాదమ్మకు లోలోపల ఎంత సంతోషమో! పైకి మాత్రం మూతి బిగించుకునే ఉంది.

చివరికి చదరం పరీక్ష మిగిలింది. స్కోపును బల్లకు బిగించి, ఎదురు గోడ మీది చుక్కకు కూడలిని సరిపెట్టాలి. నాబు టిక్కుమని ఒక్కో గాడి జరిగితే ఒక క్లిక్కు. ఇరవై క్లిక్కులు పైకి, ఇరవై కుడికి, ఇరవై కిందికి, ఇరవై ఎడమకి. చదరం గీసినట్టు తిరిగి మళ్లీ చుక్క మీదికే రావాలి.

రాలేదు. ఒక క్లిక్కు కిందికీ, ఒక క్లిక్కు ఎడమకీ పోయింది. మళ్లీ తిప్పింది. మళ్లీ అంతే. కాదమ్మ స్కోపు మీంచి కన్ను తీసింది.

"అల్లుడుగారూ, వెనక్కి రావడం లేదు బాబూ" అంది, బల్ల పక్కనే కాచుకుని నిలబడ్డ అల్లుడితో.

అల్లుడి మొహం మాడిపోయింది. "నేనొకసారి తిప్పి చూడనా అత్తయ్యా?"

అతను తిప్పితే కూడలి వచ్చి చుక్క మీద బుద్ధిగా కూర్చుంది. కాదమ్మ తిప్పితే మళ్లీ పక్కకు పోయింది.

"మీ చేతికి లొంగుతుంది, నా చేతికి లొంగదేం?"

పక్క బల్ల దగ్గర గాజులు సానబట్టే ముసలాయనను అంతా బాబాయ్ అంటారు. ఆయన పకపకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడందట నీలాంటావిడే!"

"నా చెయ్యి నెలా ఆర్నెల్లదా బాబాయ్? ఇరవయ్యారేళ్లది!"

"అబ్బో, నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సరే, పైకి లెక్కపెడుతూ తిప్పమ్మాయ్, నేను వింటా."

ఆవిడ తిప్పింది. పైకి ఇరవై, కుడికి ఇరవై. కిందికి తిప్పుతూ "ఇరవై" అని నోరు ఆపింది. వేలు ఆగలేదు. ఇంకో క్లిక్కు వినపడింది.

"అదిగో! ఇరవై ఒకటి!" అని బాబాయ్ బల్ల మీద చరిచాడు.

కాదమ్మ తన వేలినే పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. పాత నాబులన్నీ కాస్త వదులు. వెనక్కి మళ్లించగానే మొదటి క్లిక్కు ఉత్తుత్తిగా టిక్కుమంటుంది తప్ప గీత కదలదు. అందుకని ఏ కాలంలోనో ఆవిడ వేలు వెనక్కి వచ్చేటప్పుడల్లా ఒకటి ఎక్కువ తిప్పడం నేర్చుకుంది. ఎవరూ చెప్పలేదు, ఎక్కడా రాసుకోలేదు. తనకే తెలియదు. అల్లుడి నాబులో ఆ వదులు లేదు.

"ఓసి నా తెలివి తెల్లారా!" అని నెత్తి కొట్టుకుని, ఈసారి వేలిని అదిమి పెట్టి ఇరవయ్యే తిప్పింది. కూడలి తిన్నగా చుక్క మీదికొచ్చి ఆగింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి, నవ్వూ ఆగలేదు.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలున్నాయి. కాగితం తీసి, 'లోపాలు' అన్న చోట తాపీగా రాసింది: "ఒకటి. పరీక్షించినావిడ వేలు ఒక క్లిక్కు ఎక్కువ తిప్పుతుంది. స్కోపులో ఏమీ లేవు." కింద సంతకం పెట్టింది.

అల్లుడు చదివి కంగారుపడ్డాడు. "అత్తయ్యా, ఆ మొదటి ముక్క కొట్టేయండి. యజమాని చూస్తారు."

"చూడనివ్వండి. ఇన్నేళ్లలో ఎన్ని స్కోపులు నా చేతిలో తప్పాయో! నన్నే తప్పుపట్టింది మాత్రం మీదొక్కటే. ఇంతకన్నా మంచి నాబ్ ఇంకెవరు చేస్తారు బాబూ?"

అని ఆ కాగితం పట్టుకుని తనే యజమాని గదికి నడిచింది.