పొట్టి చెట్ల నిదానం

తెల్లవారగానే లీనా దోనెలో గుడిసెకు వచ్చి, పొయ్యిలో దుంగల్ని లోపలికి తోసి, మొక్కజొన్న జావ కాస్తుంది. ముంత పట్టుకుని వెంటనే వెనక్కి పోతుంది. నిండు చూలాలు. అయినా గెడ ఇంకొకరి చేతికివ్వదు. మొండిఘటం, వాళ్ళమ్మ పోలికే.

వాళ్ళమ్మ ఎఫీ పొట్టి అడవిలో ఉంటోంది. బిగ్ సైప్రస్ చిత్తడిలో, మా మికసూకీ తెగవాళ్ళ గుడిసెలకు దక్షిణంగా, రాతిపలక మీద పల్చగా మన్ను పేరుకున్న చోట ఆ సైప్రస్ చెట్లు మనిషెత్తున నిలబడి ఉంటాయి. మా తాతల తాతలూ వాటిని ఆ ఎత్తునే చూశారు. కలప కంపెనీ వచ్చి లోతు మట్టిలో పెరిగిన పొడుగు చెట్లన్నీ కోసుకుపోయింది. వీటిని చూసి నవ్వి వదిలేసింది. కార్చిచ్చూ అంతే. పొడుగు చెట్ల కింద కుళ్ళిన ఆకుమన్ను నెలల తరబడి కాలుతుంది. వీటి కింద కాలడానికి నాలుగు గడ్డిపోచలు తప్ప ఏముంది?

తిండి తక్కువ చెట్లకు తొందర ఉండదు. వాటి మధ్య పెట్టిన దేనికీ ఉండదు. అందుకే మావాళ్ళు అరటిగెలలూ చేపలూ అక్కడ దాచుకుంటారు, నెలలైనా కుళ్ళవు. ఎఫీ కడుపులో గడ్డ లేచి, ఆకు రాలేదాకా కూడా బతకదని డాక్టరు పెదవి విరిచినప్పుడు, ఆమె తమ్ముడు మన్రో అక్కను అక్కడికే తీసుకుపోయి చిన్న మంచె కట్టాడు. తోడుగా లీనా కూడా ఆ మంచె మీదే పడుకుంటోంది, అక్కడే కూర్చుని పావడాలకు రంగు పీలికలు కుట్టుకుంటోంది.

ఎఫీ కోరింది ఒక్కటే, మనవరాలి ముఖం. మాలో వంశం ఆడదానిది. ఎఫీకి లీనా తప్ప కూతుళ్ళు లేరు. లీనాకు ఆడపిల్ల పుట్టకపోతే ఆ పొయ్యి ఆమెతోనే ఆరిపోతుంది.

ఆకు రాలేనాటికి లీనా కనాలి. ఆకు రాలింది, కనలేదు. మోడు కొమ్మలకు చిగురొచ్చింది. అప్పటికీ కనలేదు.

"ఏమే, మొసలిని గానీ మోస్తున్నావా?" అన్నాడు మన్రో.

"నీ పోలికొచ్చింది మామా. లేవమంటే లేవదు."

నవ్వింది గానీ లీనాకు లోపల భయంగానే ఉంది.

ఆ రోజు జావ తాగి, ఎఫీ కూతురి కడుపు మీద చెయ్యి వేసింది. ఎంతసేపటికీ తియ్యలేదు.

"తంతోందా అమ్మా?"

"నిన్న మొదలుపెట్టిన తన్నే. ఇంకా అవలేదు."

ఇద్దరూ చెట్ల వైపు చూశారు. అక్కడ అరటికాయ పండదని అందరికీ తెలుసు. కడుపు కూడా పండాల్సిందేనని అప్పటిదాకా ఒక్కరికీ తట్టలేదు.

"ఇంటికి పో. మళ్ళీ రాకు," అంది ఎఫీ.

"నీకెవరు పెడతారు?"

"మామ పెడతాడు."

"మామ కాచిన జావ చేపలు కూడా తాగవు. నేను రాకుండా ఉండలేనమ్మా."

ఎఫీ తిట్టింది. ముంతెడు జావ నీళ్ళలో పారబోసింది. లీనా మళ్ళీ కాచుకుని వచ్చింది. కూతురు వినదని ఎఫీకి అర్థమైంది. తను విననట్టే.

మర్నాడు లీనా జావ కాయడానికి వెళ్ళిన వేళ, చేపల కోసం వచ్చిన తమ్ముణ్ణి పిలిచింది.

"నన్ను ఇంటికి తీసుకుపో."

మన్రో కళ్ళు తుడుచుకున్నాడు. "బయట నీకు నాలుగు పొద్దులు కూడా లేవక్కా."

"తెలుసు. గెడ వెయ్యి."

దారి మధ్యలో లీనా దోనె ఎదురైంది.

"అమ్మా, ఎక్కడికి?"

"నీ దగ్గరికే. దోనె తిప్పు."

లీనా బోరుమని ఏడ్చింది. కానీ తిప్పింది.

ఆ సాయంత్రమే ఎఫీకి మాట తడబడింది, లీనాకు నొప్పులు మొదలయ్యాయి. మన్రో రెండు గుడిసెల మధ్య తిరుగుతూ, ఎవరు ముందో తెలియక, అటూ ఇటూ కసురుకుంటూనే ఉన్నాడు. తెల్లవారుతుండగా పిల్ల ఏడ్చింది. తెచ్చి ఎఫీ గుండెల మీద పెట్టాడు.

"ఆడపిల్లే అక్కా."

ఎఫీ కళ్ళు విప్పి ఆ ముఖాన్ని తనివితీరా చూసింది.

"పొయ్యిలో దుంగ తొయ్యండి," అంది. అదే చివరి మాట.

ఆ పిల్లకు పాలపళ్ళు రావడానికే ఏళ్ళు పట్టింది. తోటి పిల్లలు బడికి పోతుంటే ఇది ఇంకా తప్పటడుగులు వేస్తోంది. పట్నం నర్సు వచ్చి, తూచి, కొలిచి, గిడసబారిందని చెప్పి మందులిచ్చి వెళ్ళింది. లీనా ముఖం మాడ్చుకుని కూర్చుంది.

"ఏడుస్తావెందుకే?" అన్నాడు మన్రో. "రంపం వదిలేసింది వేటిని? నువ్వూ నేనూ పోయి, మనల్ని ఎరిగినవాళ్ళంతా పోయినా, ఈ పొయ్యిలో దుంగ తోసేది ఇదే."