గుక్కెడు నీళ్లు

కడుపులో ఇనుప ముక్కలు దిగినవాడికి గుక్కెడు నీళ్లు కూడా పట్టకూడదు. పోర్ట్‌బ్లెయిర్‌లోని ఆ మిలిటరీ ఆసుపత్రిలో నర్సు హిమబిందు తెల్లారినప్పటి నుంచీ చెబుతున్న మాట అదే. యుద్ధం మొదలుపెట్టిన పెద్దమనుషులకేం, మంచినీళ్లు వాళ్ల బల్ల మీదికే నడిచొస్తాయి. ఇక్కడ, దెబ్బతిన్న ఓడలోంచి దించిన కుర్రాళ్లు వరండాలో కూడా పడి ఉన్నారు. ఆపరేషన్ చేసే డాక్టరు ఒక్కడే.

"అక్కా, ఒక్క చుక్క," అన్నాడు భాను. బారువ వైపు సముద్రంలో చేపల వేటకెళ్లేవాళ్ల ఇంటి పిల్లాడు, నేవీలో చేరాడు. హిమబిందు తాతలూ ఆ తీరం నుంచే దీవులకి వచ్చారు. వార్డులో తెలుగు తెలిసింది ఆమెకొక్కదానికే, అందుకే వాడు ఆమె చెయ్యి వదలడం లేదు.

"థోడా ఓపిక పట్టు తమ్ముడూ. నీళ్లు తాగితే ఆపరేషన్ చెయ్యరు. ఇవ్వట్లేదంటే నిన్ను బతికిస్తున్నామనే కదా! అయ్యాక బిందెడు తాగుదువుగాని."

తడి దూది పెదాలకద్దింది. వాడు దాన్ని చీకబోతే లాగేసుకుంది. ఆ చేతిని నరుక్కోవాలనిపించింది.

మధ్యాహ్నం డాక్టరు వచ్చి భాను కడుపు నొక్కి చూశాడు. ఆమెని పక్కకి పిలిచి, చావు కబురు చల్లగా చెప్పాడు. "ఇంక లాభం లేదు సిస్టర్. బతికేవాణ్ణి ఆపరేషన్‌కి తీసుకెళ్లాలి. ఇతనికి నీళ్లు ఇచ్చెయ్యండి."

పోయేవాడి గొంతు తడపకపోతే పాపమని హిమబిందు నాయనమ్మ అచ్చమ్మ చెప్పేది. గ్లాసుతో నీళ్లు తెచ్చి, వాడి తల ఎత్తి పట్టుకుంది.

"తాగు బాబూ."

భాను గ్లాసు చూశాడు. ఆమె మొహం చూశాడు. పొద్దుటి నుంచీ ఏడ్చి అడిగినవాడు పెదాలు బిగబట్టాడు.

"వద్దక్కా. ఆపరేషనయ్యాకే తాగుతాను. నువ్వే చెప్పినావు కదేటి."

"ఏం కాదు. డాక్టర్ సాబే ఇమ్మన్నారు."

"వద్దు." తల తిప్పేసుకున్నాడు. "నన్ను తీసుకెళ్లమను. చుక్క నీరు ముట్టనేదని చెప్పు."

పొద్దున తనే పెట్టిన ఆశ. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని లాక్కుంటుంది? "సరే, చెబుతాను," అని గ్లాసు దించేసింది. వాడు తలుపు వైపే చూస్తూ, పెదాలు విప్పకుండా, సాయంత్రానికి పోయాడు.

అప్పుడు పోసింది ఆ నోట్లో నీళ్లు. లోపలికి దిగలేదు, చెంప మీదుగా దిండులోకి కారిపోయాయి. దిండు మార్చేలోపే ఆ మంచం మీదికి ఇంకొకణ్ణి తెచ్చారు. వాడూ కడుపు పట్టుకుని, "దీదీ, పానీ," అన్నాడు.

ఇవ్వకూడదని చెప్పడానికి హిమబిందు నోరు తెరిచింది. ఏడుపొచ్చింది.