పద్నాలుగు వందల డెబ్బై పౌండ్లు

ముందు వట్టి చేతులతో కాటా ఎక్కాలి. నూట నలభై ఎనిమిది. దిగి, ఇనుప పెనం పట్టుకుని మళ్లీ ఎక్కాలి. నూట యాభై ఆరు. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే పెనం ఎనిమిది పౌండ్లు. కెల్సీ పొద్దుటి నుంచీ ఇదే పని మీద ఉంది. స్నానాలగదిలో ఉండే చిన్న కాటాని వంటింట్లోకి తెచ్చుకుని, గిన్నెలూ పళ్లాలూ పిండి సంచులూ ఒక్కొక్కటే గుండెకు హత్తుకుని ఎక్కుతోంది, దిగుతోంది. ఎక్కిన ప్రతిసారీ తనను తాను తీసేసి మిగిలింది రాసుకోవాలి. పది నెలల కోల్ కాళ్లకు చుట్టుకుని ఎత్తుకోమని ఏడుస్తుంటే, "నీ వంతు కాదురా నాన్నా, ఇప్పుడు మూకుళ్ల వంతు" అంది.

"ప్రతి చెంచా తూచు," అని చెప్పి వెళ్లాడు క్లింట్. "అనవసరమైంది ఒక్కటి కూడా ట్రెయిలర్ ఎక్కకూడదు. నీ సామాను చూస్తే రోడ్డు మీద హోటల్ పెట్టేలా ఉన్నావు."

వచ్చే నెల మొదటికి ఈ అద్దె ఇల్లు ఖాళీ చేయాలి. క్లింట్‌కి గాలిమరలు నిలబెట్టే కంపెనీలో పని దొరికింది. నాలుగు నెలలు ఒకచోట, ఆరు నెలలు ఇంకోచోట. ఆ పని చేసేవాళ్ల సంసారాలన్నీ బండి వెనక తగిలించుకునే చక్రాల ఇళ్లలో, క్యాంపర్లలోనే నడుస్తాయి. జీన్ బాబాయి దగ్గర ముప్పై నాలుగడుగుల ట్రెయిలర్ తీసుకున్నాడు క్లింట్. అందులో పొయ్యి ఉంది, మంచం ఉంది, పిల్లలకి ఒకదాని మీద ఒకటి పడకలున్నాయి. ఇక దాన్ని లాగే ట్రక్కు కావాలి. మొదటి పని బిగ్‌హార్న్ కొండలకి అవతల. బఫలో ఊరి నుంచి పైకెక్కడం ఒకెత్తు, అటు దిగడం ఒకెత్తు. దిగేటప్పుడు తొమ్మిదివేల పౌండ్ల ట్రెయిలర్ ట్రక్కుని వెనక నుంచి తోస్తుంది. ఆ దారి పక్కన, బ్రేకులు పట్టని బళ్లు దూసుకెళ్లి ఆగడానికి గులకరాళ్లు పోసిన ఎత్తు బాటలు ఉంటాయి. స్కూలు బస్సులోంచి వాటిని చూసినప్పుడు అవి ఎవరో వేరేవాళ్ల కోసం అనుకునేది కెల్సీ. ఇప్పుడు పిల్లల్ని పడుకోబెడుతూ కూడా ఆ గులకరాళ్లే గుర్తొస్తున్నాయి.

ట్రక్కు విషయం అడిగితే క్లింట్ నవ్వాడు. "పదకొండు వేల పౌండ్లు లాగుతుందని కంపెనీవాళ్లే చెప్తున్నారు. మన ట్రెయిలర్ తొమ్మిది వేల చిల్లర. ఇంకా రెండు వేలు మిగుల్తుంది. లెక్కలు రాకముందే బడి మానేసినదానివి, నీకెందుకే ఇదంతా?"

బడి మానేసింది నిజమే. పదకొండో తరగతి సగంలో ఉండగా పెద్దపిల్ల హేడీ కడుపులో పడింది. బడి మానడానికి కారణం ఇద్దరూ, మానింది మాత్రం ఒక్కర్తే. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు.

కాగితం దొరికింది పోయిన గురువారం. ఉతకడానికి క్లింట్ జీన్సు జేబులు తిప్పుతుంటే నాలుగు మడతలు పెట్టిన చీటీ చేతికొచ్చింది. పైన '1470' అని పెద్దగా రాసి ఉంది. దాని కింద వరసగా: కొక్కెం మీద 1140. నేను 212. డీజిల్ 82. ఐస్‌పెట్టె 36. కింద గీత గీసి, మొత్తం 1470. పక్కన, 'సరిగ్గా సరిపోయింది!'

మొదట ఏమీ అర్థం కాలేదు. డీజిల్ అంటే నూనె కాదు, వాళ్ల కుక్క. దాన్ని క్లింట్ వదిలి ఉండడు. ఆ రోజే కోల్‌కి డైపర్లు కొనడానికి ఊరి చివర ట్రక్కుల స్టాప్‌కి వెళ్లినప్పుడు, అక్కడ లారీలు తూచే కాటా కిటికీ దగ్గర కూర్చునే మార్లిస్‌ని ఆ అంకె గురించి అడిగింది. మార్లిస్ ఇరవై ఏళ్లు పెద్ద లారీలు తోలిన మనిషి. మోకాళ్లు పోయాక ఇప్పుడు తోలేవాళ్లకి బరువు చీటీలు కొట్టి ఇస్తుంది.

"కంపెనీవాళ్లు ఎంత లాగుతుందో చెప్తారు పిల్లా, ఎంత మొయ్యగలదో చెప్పరు," అంది మార్లిస్. "డ్రైవర్ తలుపు తెరువు. అంచున పసుపు చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకి మించకూడదని రాసుంటుంది. ట్రెయిలర్ మూతి కొక్కెం మీద పడుతుంది చూడు, ఆ బరువు కూడా అందులోంచే పోవాలి. పోగా మిగిలిందే మీరు కూర్చోడానికి. మగాళ్లు పళ్లెంలో ఉన్నదంతా చూస్తారు గాని పళ్లెం పట్టుకున్న చెయ్యి ఎవరిదో చూడరు."

ఇంటికొచ్చి కాగితం మళ్లీ తీసి చూసింది. ఇప్పుడు ప్రతి అంకె అర్థమైంది. పసుపు చీటీ సంగతి క్లింట్‌కి తెలుసు. తెలిసి, ఒక్క పౌండు కూడా తేడా రాకుండా కూడిక వేసుకున్నాడు. ఆ కూడికలో క్లింట్ ఉన్నాడు, కుక్క ఉంది, బీరు సీసాలు పెట్టుకునే ఐస్‌పెట్టె ఉంది. కెల్సీ లేదు. హేడీ లేదు. కోల్ లేడు.

అంటే ఒక్కడే వెళ్తున్నాడు.

ఆ మాట మనసులో పడ్డాక ఇంట్లో ఏదీ మామూలుగా కనపడలేదు. అన్నం తినేటప్పుడు ఫోను బోర్లా ఎందుకు పెడతాడు? వరసగా మూడు శనివారాలు ట్రక్కులమ్మే చోటికి ఒక్కడే ఎందుకు వెళ్లాడు? "పిల్లలతో ఎక్కడొస్తావులే" అన్నాడు, ఎంత ప్రేమగా అన్నాడు! కాగితం దొరక్కముందు ఆదివారం అత్తగారు వెర్నా బంగాళాదుంపల కూర గిన్నె చేతికిస్తూ, "వెనక గది ఖాళీ చేయించాను అమ్మాయ్. చలి తగ్గేదాకా పిల్లల్ని నా దగ్గర ఉంచినా ఉంచొచ్చు, ఏమంటావ్?" అంది. అప్పుడు మంచిమాటే అనుకుంది. ఇప్పుడు ఆ వెనక గది వేరేలా కనపడుతోంది. తల్లీ కొడుకూ ముందే మాట్లాడుకున్నారన్నమాట. కెల్సీ పేరు మీద ఉన్న పాత వ్యాన్‌ని కొత్త ట్రక్కు కింద మార్చేద్దామంటున్నాడు. "రెండు బళ్లెందుకు, క్యాంపులో నువ్వెక్కడికి పోతావు గనక" అని. వ్యాన్ లేకుండా, ఇల్లు లేకుండా, అత్తగారి వెనక గదిలో ఇద్దరు పిల్లలతో. కొండకి అవతల అతనూ, కుక్కా, ఇంకెవరో. ఎవరు? చేతిలో మూకుడు పట్టుకుని కాటా మీద నిలబడి, తనకి తెలిసిన ఆడపేర్లన్నీ ఒక్కొక్కటే తలుచుకుంది. మూకుడు బరువు రాసుకోవడం మరిచిపోయి మళ్లీ ఎక్కాల్సి వచ్చింది.

అడగొచ్చు. అడిగితే ఏమంటాడో కూడా తెలుసు. "నా జేబులు వెతుకుతున్నావా?" అంటాడు. ఉతికే చేతులకి జేబులు తగలకుండా ఉంటాయా? అయినా అడగలేదు. అతను అబద్ధమాడితే మొహం కనపడాలి, పగటి వెలుగులో, ఆ పసుపు చీటీ ముందు. అక్కడే అడగాలనుకుంది.

మధ్యాహ్నం పిల్లల్ని వ్యాన్‌లో కూర్చోబెట్టుకుని ట్రక్కులమ్మే చోటికి వెళ్లింది. పని నుంచి స్నేహితుడి బండిలో దిగిన క్లింట్ అప్పటికే అక్కడున్నాడు, పక్కన డీజిల్. తెల్ల ట్రక్కు ఎండలో మెరుస్తోంది. ముందుభాగం ఎంత ఎత్తంటే, నాలుగేళ్ల హేడీ నిలబడితే దాని దీపాలు కూడా అందడంలేదు.

"వచ్చారా, రండి రండి!" అన్నాడు రస్టీ, అమ్మేవాడు. "ఇదిగో అమ్మా మీ కొత్త ఇంటి గుర్రం. వెనక సీట్లో తెర కూడా ఉంది, పిల్లలు బొమ్మలు చూసుకోవచ్చు. కప్పులు పెట్టుకోడానికి ఎనిమిది గుంటలు! మా ఆవిడ ఆ ఒక్కదానికే పడిపోయింది."

కెల్సీ కప్పుల గుంటలు చూడలేదు. కోల్‌ని చంకనేసుకుని అటు తిరిగి, డ్రైవర్ తలుపు తెరిచి, అంచున చూసింది. పసుపు చీటీ. 1470.

"ఆవిడ చదివేస్తోందిరోయ్!" అని నవ్వాడు రస్టీ. "అవి లాయర్ల అంకెలమ్మా. దావాలు పడకుండా వేస్తారు. వాటిని పట్టుకుంటే వయోమింగ్‌లో ఒక్క గుర్రం కూడా ఊరు దాటదు."

"కెల్సీ, సంతకం ఒకటే మిగిలింది," అన్నాడు క్లింట్. "వ్యాన్ కాగితం మీద. కానిచ్చేస్తే పోదాం."

ఆమె జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి విప్పి, బల్ల మీద పరిచినట్టు ట్రక్కు ముక్కు మీద పరిచింది. గాలికి ఎగరకుండా వేలితో గట్టిగా నొక్కిపెట్టింది.

"ఇందులో మేము ముగ్గురం ఎక్కడున్నాం?"

మొహం చూసింది. వారం రోజులుగా ఈ క్షణం కోసమే దాచుకుంది. కళ్లు పక్కకి తిప్పుతాడని, కోపం తెచ్చుకుంటాడని, మాట తడబడుతుందని. వాటిలో ఏ ఒక్కటి జరిగినా ఆమెకి తెలిసిపోయేది.

క్లింట్ కాగితం వైపు చూశాడు. వంగి ఇంకోసారి చూశాడు. పెదాలు కదుపుతూ పైనుంచి కిందకి చదివాడు.

"అరె," అన్నాడు. "మిమ్మల్ని రాయలేదా?"

"డీజిల్‌ని రాశావు."

"అది ముందు నా పక్కనే కూర్చుంటుంది కదే, అందుకని గుర్తొచ్చింది. మీరంటే... వెనక సీట్లో ఉంటారు. సీట్లున్నదే అందుకు కదా. అబ్బా, మరిచిపోయానే, అంతే. దానికింత గోలెందుకు?"

"ఆడవాళ్లని బరువు అడక్కూడదని మా అమ్మ నేర్పింది," అని రస్టీ కన్నుగొట్టాడు. "అందుకే లెక్కలో వేసుండడు, పెద్దమనిషి!"

మగాళ్లిద్దరూ నవ్వారు. క్లింట్ నవ్వులో కపటం లేదు. ఆమె ఆ నవ్వుని ఆరేళ్లుగా ఎరుగును. అబద్ధమాడటం లేదు. వేరే ఎవరూ లేరు. వెర్నా వెనక గది ఖాళీ చేసింది మనవల మీద ప్రేమతోనే. ఫోను బోర్లా పెట్టింది అలవాటుగానే. ఇప్పుడు గుండె తేలికపడాలి. ఆమె ఎదురుచూసింది. పడలేదు. వారం రోజులుగా ఆ కాగితంలో ఇంకో ఆడదాని కోసం వెతికింది. ఆ కాగితంలో అసలు ఆడదే లేదు. విడిచిపెట్టి పోదామనుకున్నవాడైతే కనీసం ఆమెను ఒకసారి తలుచుకుని ఉండేవాడు. ఇతను ముగ్గుర్నీ వెనక కూర్చోబెట్టుకుని, పాట పెట్టుకుని, బ్రేకులు పట్టని ఆ కొండ దారిలో నిశ్చింతగా దిగిపోయేవాడు. లెక్క సరిగ్గా సరిపోయింది కదా.

"అమ్మా, నేను బరువున్నానా?" అంది హేడీ.

"ఉన్నావు తల్లీ. ముప్పై ఆరు."

రెండో వరసలో చివర ఒక మట్టిరంగు ట్రక్కు ఉంది. ఏదో పశువులశాలలో పనిచేసి వచ్చినట్టుంది, వెనక తలుపు సొట్టపడింది. ఈ తెల్లదానికంటే ఒక తరగతి పెద్దది. ఇందాక వస్తూనే దాని తలుపు కూడా తెరిచి చూసింది కెల్సీ. 2950.

"అదైతే సంతకం పెడతాను," అంది, వేలుతో చూపిస్తూ.

"అదా? అది ముసలాళ్ల బండే! స్ప్రింగులు ఎంత గట్టివంటే నడుములు విరుగుతాయి," అన్నాడు క్లింట్. "నలుగురిలో నవ్వుతారు."

"నవ్వనీ."

"కెల్సీ. ఇక్కడ అందరి ముందూ మొదలెట్టకు."

సంతకానికని రస్టీ అందించిన కలాన్ని ఆమె అతని చేతికే తిరిగిచ్చేసింది. కాగితం ట్రక్కు మీదే వదిలేసింది, అది అతనిది. పిల్లల్ని వ్యాన్‌లో వాళ్ల సీట్లలో కూర్చోబెట్టి బెల్టులు పెట్టి, తనూ ఎక్కి, తాళం తిప్పింది. అద్దంలో క్లింట్ చీటీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. డీజిల్ తోకూపుతూ ఒకసారి వ్యాన్ వైపు, ఒకసారి అతని వైపు చూస్తోంది.

ఇంటికి పోలేదు. ట్రక్కుల స్టాప్ దగ్గర ఆపి, మార్లిస్ కిటికీ తట్టింది. "బండి కాదు. మేమే ఎక్కుతాం."

మార్లిస్ కిటికీలోంచి తల బయటపెట్టి కాటా వైపు చూసింది. "ఎక్కండి తల్లీ. వెనకాల లారీ లేదులే ఇప్పుడు."

పశువుల లారీలు ఎక్కే ఆ పొడవాటి ఇనుప కాటా మధ్యలో, కోల్ చంకలో, హేడీ పక్కన, పిల్లల సీట్లు రెండూ కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడింది కెల్సీ. గాలికి జుట్టు మొహం మీద పడుతోంది. ఇంత పెద్ద కాటాకి తాము తెలుస్తామా అని ఒక్క క్షణం భయమేసింది. హేడీ తన బరువు బాగా పడాలని రెండు కాళ్లూ నేలకేసి తన్నింది.

"కదలకు బంగారూ, అంకె తేలనీ!" అని మైకులో అరిచింది మార్లిస్.

చీటీ వచ్చింది. 240. కెల్సీ దాన్ని ఫోనులో ఫోటో తీసి క్లింట్‌కి పంపింది. కింద, 'వెనక సీటు' అని రాసింది. ఇంటికెళ్లి అసలు చీటీని ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించింది. వంటింట్లో నేల మీద పొద్దుటి చిన్న కాటా అలాగే ఉంది. కాలితో దాన్ని బల్ల కిందికి తోసేసి, ఇనుప పెనం తీసి పొయ్యి మీద పెట్టింది.

ఆ అంకెలోంచి ఆమె దేన్నీ తీసేయలేదు.