నీళ్ళు పోసిన చెయ్యి

కారు ముందు మూత తెరిచే ఉంది. లోపల ఉండాల్సిన ఇంజను సగం బల్ల మీద, సగం నేల మీద పరిచిన గోనెపట్టా మీద పడి ఉంది. ట్యాక్సీ డ్రైవరు పొద్దున్నుంచీ దాన్నే చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ ఇంటికి తిండి పెట్టిన బండిని ఇలా ముక్కలుగా చూడాల్సి వస్తుందని అతను కలలో కూడా అనుకోలేదు. వారంటీ ఇంకా ఏడాది ఉందన్న ధైర్యంతో వారం నుంచి ఈ కంపెనీ షెడ్డు చుట్టూ కాళ్ళరిగేలా తిరుగుతున్నాడు. బండి లేదు, బేరాల్లేవు. భార్య బట్టల ఫ్యాక్టరీలో కుట్టి తెచ్చే కూలితోనే ఇల్లు నడుస్తోంది. నెల తిరిగేసరికి కారు కిస్తీ కట్టాలి. కట్టకపోతే ఈ ముక్కల్ని కూడా ఎత్తుకుపోతారు.

షెడ్డు బయట గోడ నీడన బెంచీ మీద అతని తండ్రి కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు లారీ తోలినవాడు. వీధిలో అందరికీ ఇప్పటికీ లారీ తాతే. చూపు మందగించి లైసెన్సు పోయింది గానీ అలవాటు పోలేదు. కొడుకు కారు కొన్న మర్నాటి నుంచీ అందరికన్నా ముందు లేచి, ముందు మూత ఎత్తి, తడిమి చూసి, రేడియేటరులో తగ్గినన్ని నీళ్ళు పోసేవాడు. "బండి దాహం తీర్చకుండా నువ్వు టీ తాగకురా" అనేవాడు. కొత్త కార్లకు మామూలు నీళ్ళు పొయ్యకూడదు, కూలెంటని కంపెనీ అమ్మే రంగునీళ్ళే పొయ్యాలి. ఆ సంగతి కొడుక్కి తెలుసు. కానీ ముసలాయనకు మిగిలింది ఆ ఒక్క పనే. అది కూడా లాక్కోవడానికి అతనికి మనసు రాలేదు.

అసలు మొదటి నెలల్లోనే ముసలాయన "ఇది తెగ తాగుతోందిరా, ఓసారి చూపించు" అని పోరు పెట్టాడు. కొడుకు రెండుసార్లు ఈ షెడ్డుకే తెచ్చి చూపించాడు. సూపర్‌వైజరు టీ తాగుతూ మూత దించేసి, "కొత్త బండికి కొంచెం తగ్గుతుందిలెండి. కాసిని నీళ్ళు పోసుకోండి, ఏం కాదు" అన్నాడు. అలాంటి మాటలకు రసీదులుండవు.

పోయిన వారం బేరం మీద ఉండగా నడిరోడ్డులో పొగలు కక్కి ఇంజను పట్టేసింది. షెడ్డుకు లాక్కొచ్చి విప్పితే లోపలంతా తుప్పు. "మామూలు నీళ్ళు పోశారా?" అని మెకానిక్కు అడగగానే డ్రైవరుకు ఒళ్ళు తెలియలేదు. షెడ్డులో ఉన్నవాళ్ళందరి ముందూ తండ్రి మీద విరుచుకుపడ్డాడు.

"నీ నీళ్ళే చంపేశాయి నా బండిని! ఎవడు పొయ్యమన్నాడు నిన్ను?"

ముసలాయన బయటికి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచీ ఇంట్లో తాగడానికి గ్లాసుడు నీళ్ళు కావాలన్నా కోడలినే అడుగుతున్నాడు. కుండ మీద చెయ్యి వెయ్యడం లేదు.

"రండి, కూర్చోండి" అని ఇవాళ పిలిచాడు సూపర్‌వైజరు. "పైవాళ్ళతో మాట్లాడాను. వారంటీ కింద ఇంజను రాదండీ. మామూలు నీళ్ళు పోస్తే వారంటీ చెల్లదు."

"పోసుకోమని మీరే కదా సార్ అన్నారు? ఇంజనులో నీళ్ళు తిప్పే పంపు దగ్గర కారుతోందేమో చూడమని కూడా అడిగాను."

సూపర్‌వైజరు అద్దాల గదిలోని మేనేజరు వైపు ఓ చూపు చూశాడు. "అన్నట్టు గుర్తు లేదండీ." పాపం, అబద్ధాలకు అలవాటుపడినవాడు కాదు, చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, "నాకూ ఇద్దరు పిల్లలున్నారు" అన్నాడు.

తర్వాత గడగడా దారులన్నీ చెప్పేశాడు. కొత్త ఇంజనుకు పూర్తి ధర కట్టాలి. అది డ్రైవరుకు ఏడాదిన్నర సంపాదన. బాగుచేసిన పాత ఇంజనైతే అందులో సగం, కానీ గేటు దాటాక ఎవరి పూచీ ఉండదు. అదీ కాదంటే, కంపెనీయే దయతలచి కొత్త ఇంజను ఖర్చులో సగం భరిస్తుంది.

"దానికేం చెయ్యాలి?"

"ఏమీ లేదు, ఇక్కడో సంతకం పెట్టండి."

డ్రైవరు కాగితం అందుకున్నాడు. 'మా తండ్రి పోసిన నీళ్ళే ఇంజనును చంపేశాయి. ఇందులో కంపెనీ తప్పేమీ లేదు. ఇకముందు ఏమీ అడగను.'

"ఇది ఎవరు రాశారు?"

"మీ మాటేగా! ఆ రోజు మీరు అరిచింది షెడ్డంతా వింది. నేనేమీ కల్పించలేదు."

డ్రైవరు పక్కకు వెళ్ళి భార్యకు ఫోను చేశాడు. అవతల కుట్టుమిషన్ల రొద. "పెట్టెయ్యి" అంది ఆమె. "సగం తగ్గుతోంది కదా. మామయ్యకి చదవడం రాదు, చెప్పకపోతే ఆయనకేం తెలుస్తుంది? పిల్లల ఫీజు కట్టాలి, కాస్త ఆలోచించు."

ఆమె అన్నదాంట్లో తప్పేముంది? అతను ఫోను జేబులో పెట్టుకుని తిరిగేసరికి వెనకాలే తండ్రి నిలబడి ఉన్నాడు.

"సంతకాలంటున్నారటగా" అన్నాడు ముసలాయన. "నా వేలిముద్ర తీసుకోమను. తప్పు నాదేనని రాసుకోమను. బండి బాగుపడితే చాలురా." అప్పుడే బొటనవేలు చాపి పట్టుకున్నాడు.

నీళ్ళు చంపాయో, మొదటినుంచీ కారుతున్న పంపు చంపిందో ఆ షెడ్డులో ఎవరూ తేల్చలేదు. తేల్చాల్సిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు. నేరం మొయ్యడానికి ఓ ముసలాయన దొరికాడు, అప్పగించింది కన్నకొడుకే. డ్రైవరు తండ్రి చేతిని మెల్లగా కిందికి దించి, సూపర్‌వైజరు వైపు తిరిగాడు.

"పెట్టను సార్" అన్నాడు.

"ఏమండీ, సగం ఖర్చు..."

"పెట్టను. విప్పిన ఆ పంపు నాకివ్వండి. ఇంకోచోట చూపిస్తాను."

సూపర్‌వైజరు మొహం మాడిపోయింది. "అయితే బండి ఇప్పుడే తీసెయ్యాలి. ఇక్కడుంచితే రోజుకింతని అద్దె పడుతుంది."

పంపుతో సహా ఇంజను ముక్కల్ని గోనెపట్టాలో మూటగట్టి డిక్కీలో పడేశారు. లాక్కెళ్ళే బండిని పిలవడానికి జేబులో డబ్బుల్లేవు. డ్రైవరు తలుపు తెరిచి, "నాన్నా, స్టీరింగు పట్టుకో. నేను తోస్తాను" అన్నాడు.

"నేనా?"

"నీకు కనిపిస్తుందా?"

"గేటు కనిపిస్తోంది, చాలదూ?" ముసలాయన ఎక్కి కూర్చుని, అలవాటుగా అద్దం సర్దుకున్నాడు.

"నాన్నా, ఆ రోజు నేను..."

"ఇంజను లేదు కదా, స్టీరింగు బరువుగా ఉంటుంది. మాట్లాడకుండా తొయ్యి."

డ్రైవరు వెనక్కి వెళ్ళి భుజం ఆనించాడు. బండి కదలనని మొరాయించి, ఆఖరికి కదిలింది. షెడ్డులో పనివాళ్ళంతా చేతులాపి చూస్తున్నారు. అద్దాల గదిలో మేనేజరు మాత్రం తలెత్తలేదు. గేటు దగ్గరికొచ్చేసరికి రోడ్డు మీద బళ్ళు జోరుగా పోతున్నాయి.

"ఎటు తిప్పమంటావురా?" అని కేకేశాడు తండ్రి.

ఆ సంగతి డ్రైవరు ఇంకా ఆలోచించుకోలేదు. "ముందు గేటు దాటించు నాన్నా!" అన్నాడు వగరుస్తూ.

ముసలాయన లారీ రోజుల్లోలాగే, వచ్చే బళ్ళను ఆగమన్నట్టు, చెయ్యి కిటికీ బయటికి పూర్తిగా చాపాడు. అవతల ఓ బస్సు గట్టిగా హారను కొట్టింది. అయినా ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.