తెల్ల బట్టలు ఆరేసిన వీధి

నేను ఒక వీధిని. విశాఖ పాతపట్నంలో, రేవుకీ కొండవాలుకీ మధ్య ఇరుక్కుని ఉంటాను. మొదట్లో వలలు మోసుకెళ్ళే కాలిబాటను. దొరలొచ్చి రాళ్ళు పరిచి, నోరు తిరగని పేరొకటి తగిలించారు. తర్వాతివాళ్ళు అది పీకేసి ఇంకొకటి పెట్టారు. జనం ఆ రెండూ పలకరు, తెరచాపల వీధి అంటారు. హార్బరు తవ్వాక వలలవాళ్ళ మనవలు నేవీలో చేరారు. యుద్ధమప్పుడు దీపాలార్పేసి, చంటిపిల్లల నోళ్ళు నొక్కి కూర్చున్న రోజులూ చూశాను.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. ఇంటి మగాడు ఓడమీద ఉన్నంతకాలం అతని తెల్ల యూనిఫారం బయట దండెం మీద వెయ్యరు. ఖాళీ బట్టలు గాలికి ఊగితే అపశకునమట. ఓడ తిరిగొచ్చిందని తెలిశాకే ఆరేస్తారు. అందుకే దండెం మీద తెల్ల బట్ట కనిపిస్తే చాలు, వీధంతా రేవుకి పరిగెడుతుంది.

ఆ ఏడు పెనుతుఫాను కబురు రాగానే నేవీ ఓడలన్నీ నడిసముద్రంలోకి పోయాయి. రేవులో ఉంటే గట్టుకి కొట్టుకుని పగిలిపోతాయి మరి. సాలూరు నుంచి కొత్తగా కాపురానికొచ్చిన పైడితల్లికి అదెలా తెలుస్తుంది? గాలివానలోకి తన మొగుడు కొండలరావుని తోలేశారని కుళ్ళికుళ్ళి ఏడ్చింది.

తుఫాను పోయింది. ఇళ్ళ పెంకులు ఎగిరిపోయాయి, నా రాళ్ళు లేచిపోయాయి. ఫోన్లు లేవు, ఏ కబురూ లేదు. పైడితల్లి ఇల్లు కారి ట్రంకుపెట్టె నిండా నీళ్ళు. పెట్టెలోని కొండలరావు యూనిఫారం బూజు పడుతుందని పిండి దండెం మీద వేసింది, పాపం. ఆచారం సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. అందరికీ తెలిసిందాన్ని ఎవరు చెబుతారు?

ఇంకేముంది, ఓడొచ్చేసిందని వీధంతా బయల్దేరింది. పైడితల్లినీ చెయ్యి పట్టి లాక్కుపోయారు. రేవు గేటు దగ్గర కాపలా జవాను తెల్లబోయి, ఏ ఓడా రాలేదన్నాడు. జరిగిన పొరపాటు తెలిసి, మగాడు ఓడమీదుండగా అతని బట్టలు ఆరేస్తే అపశకునమంటూ ఎదురింటి నూకరత్నం మామ్మ పిల్లని చెడామడా దులపబోయింది. ఆ మాట వినగానే పైడితల్లి నేలమీద కూలబడిపోయింది.

"నేనే సంపేసుకున్నానా మామ్మా?"

మామ్మ కోపం అక్కడే చచ్చిపోయింది. జవాను వైపు తిరిగింది. "రాకపోతే రానేదు. ఉన్నాయో నేవో అదైనా కనుక్కుని సెప్పు నాయినా. ఈ పిల్ల కదల్దు, నానూ కదల్ను."

అతను లోపలికెళ్ళి వైర్‌లెస్‌లో అడిగొచ్చాడు. రేవు మూతిలో బార్జీ, అదే సరుకుల పడవ, మునిగి దారి మూసుకుపోయిందట. అది తీసేదాకా ఓడలన్నీ బయట ఆగి ఉన్నాయట. "మీవారి ఓడా ఉందమ్మా. అందరూ బాగున్నారు."

అమ్మయ్య! ఆ పూట నామీద నడిచి ఇంటికెళ్ళిన ప్రతి అడుగూ తేలిగ్గా ఉంది. ఆ పొరపాటే జరక్కపోతే ఈ కబురు కోసం ఇంకెన్నాళ్ళు కుమిలేవాళ్ళో.

దారి తెరుచుకున్నాక కొండలరావు వచ్చాడు. మలుపు తిరిగాడో లేదో, నా గుంతలో కాలు మెలిపడి బోర్లా పడ్డాడు. పైడితల్లి పరిగెత్తుకొచ్చి, ఏడుస్తూనే నవ్వుతూ లేవదీసింది.

"అంత సముద్రంలో నిలబడినోడివి, మన వీదిలో పడిపోనావేటి?"

నాకు సిగ్గేసింది. అయినా నామీదే కదా పడ్డాడు, నీళ్ళలో పడలేదు. అంతకంటే నాకేం కావాలి!